కల్లూరు: నగరంలో కలిసిన ఊరు, కలవని లెక్కలు

హంద్రీ వంతెన దాటి కల్లూరులో ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఇంటిపన్ను కర్నూలు నగర పాలక సంస్థకు కడతారు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలంటే కల్లూరు తహసీల్దారు కచేరీకి పోతారు. వాళ్ళు ఓటేసేది పాణ్యం శాసనసభ స్థానానికి, నంద్యాల లోక్‌సభ స్థానానికి. అర్జీ పట్టుకుని పోవలసింది మాత్రం కర్నూలు కలెక్టరు దగ్గరికి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాణ్యం, నంద్యాల రెండూ నంద్యాల జిల్లాకు పోయాయి. కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి. ఇల్లు ఒక జిల్లాలో, తమ ఎమ్మెల్యే స్థానానికి పేరిచ్చిన ఊరు ఇంకో జిల్లాలో ఉన్న నగరవాసులన్నమాట.

బయటి నుంచి వచ్చినవాడికి ఇదేదీ కనిపించదు. బెంగళూరు వైపు నుంచి 44వ జాతీయ రహదారి మీద వచ్చినా, కడప, నంద్యాల మీదుగా 40వ జాతీయ రహదారి మీద వచ్చినా, అతని లెక్కలో కర్నూలు వచ్చేసినట్టే. అపార్ట్‌మెంట్లు, షోరూములు, కల్యాణ మండపాలు ఎడతెగకుండా ఉంటాయి. ఎక్కడ కల్లూరు ఆగి ఎక్కడ కర్నూలు మొదలవుతుందో చూసి చెప్పడం కష్టం. అయినా కల్లూరన్న పేరు చెరిగిపోలేదు. అది దేని ఆసరాతో నిలిచిందన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఇలాంటి ప్రశ్నకు గుడినీ, జాతరనూ, సొంతూరి మమకారాన్నీ జవాబుగా చూపడం మనకు అలవాటు. అందుబాటులో ఉన్న ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే, మమకారం కన్నా ముందు కాగితాలే కల్లూరును నిలబెట్టాయని నాకనిపిస్తుంది. అయితే ఈ వాదనకు ఎదురు నిలిచే ఆధారాలూ ఉన్నాయి. వాటినీ దాచకుండా చెప్పాలి.

ముందు నేల సంగతి. కర్నూలు పాతపట్టణం తుంగభద్ర, హంద్రీ కలిసే చోట, రెండు నదుల నడుమ పెరిగింది. కొండారెడ్డి బురుజు, పాత బజార్లు అక్కడివి. కల్లూరు హంద్రీకి అవతల ఉంది. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోయే కేసీ కెనాల్ కూడా ఈ నగరంలో హంద్రీని అక్విడక్టు మీద దాటుతుంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టి, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కాలువ అది. నది అడ్డంగా ఉన్నంతకాలం, వంతెనలు తక్కువగా ఉన్నంతకాలం అవతలి ఒడ్డు వేరే ఊరే. వానాకాలంలో హంద్రీ, వక్కెరవాగు పొంగితే ఈ సంగతి ఇప్పటికీ గుర్తుకొస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఎగదన్ని కర్నూలు మునిగినప్పుడు నగరానికి ఎన్ని ఒడ్డులున్నాయో అందరికీ తెలిసొచ్చింది.

పాలన సంగతికి వస్తే, కర్నూలు పురపాలక సంఘం 1866 నాటిది. 1994లో నగర పాలక సంస్థ అయింది. అప్పటిదాకా పంచాయతీగా ఉన్న కల్లూరు ఆ తర్వాత అందులో విలీనమైంది. చుట్టుపక్కల జొహరాపురం, మామిదాలపాడు లాంటి ఊళ్ళదీ ఇంచుమించు ఇదే దారి. ఈ విలీనాల ప్రభావం జనాభా లెక్కల్లో ఎలా కనబడుతుందో చూద్దాం. 2001 జనగణనలో కర్నూలు నగర పాలక సంస్థ జనాభా 2.69 లక్షలు. శివార్లను కలిపిన నగర సముదాయం జనాభా 3.43 లక్షలు. 2011 నాటికి సంస్థ జనాభా 4.30 లక్షలకు, సముదాయం జనాభా 4.84 లక్షలకు చేరింది. అంటే పదేళ్ళలో సంస్థ అరవై శాతం పెరిగితే, సముదాయం నలభై ఒక్క శాతమే పెరిగింది.

‘కర్నూలు పదేళ్ళలో అరవై శాతం పెరిగింది’ అని రాసేయడం తేలికే. కానీ ఆ పెరుగుదలలో కొంత కొత్తగా వచ్చిన మనుషులది కాదు, కొత్తగా గీసిన హద్దుది. అంతకుముందు శివారు లెక్కలో ఉన్నవాళ్ళు ఇల్లు కదలకుండానే నగరవాసులయ్యారు. సముదాయానికి వచ్చిన నలభై ఒక్క శాతాన్నీ స్వచ్ఛమైన పెరుగుదల అనుకోనక్కర్లేదు, సముదాయం హద్దు కూడా ఒక జనగణన నుంచి ఇంకో జనగణనకు మారవచ్చు. రెండు అంకెల మధ్య తేడా ఎటు మొగ్గుతోందో చెప్పవచ్చు, ఎంతో కచ్చితంగా చెప్పకూడదు.

విలీనం వల్ల ఇంకొకటి జరుగుతుంది. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పంచాయతీగా ఉన్న ఊరికి జనగణన పట్టికలో సొంత వరస ఉంటుంది: ఎన్ని ఇళ్ళు, ఎంతమంది అక్షరాస్యులు, ఎంతమంది కూలీలు అని. నగరంలో కలిశాక ఆ వరస పోయి వార్డుల్లో కరిగిపోతుంది. వార్డుల హద్దులు ఎన్నికలకోసారి మారుతుంటాయి. కాబట్టి ‘కల్లూరు అక్షరాస్యత పదేళ్ళలో ఎంత పెరిగింది’ అన్న మామూలు ప్రశ్నకు పట్టికల్లో సూటిగా జవాబు దొరకదు. మండలం పేరుతో దొరికేదేమో ఉలిందకొండ, చిన్నటేకూరు, పెద్దటేకూరు, తడకనపల్లె లాంటి పల్లెల లెక్క. కల్లూరు పేరుతో ఉన్న గ్రామీణ గణాంకాల్లో కల్లూరే ఉండదు.

కాగితాలు కల్లూరును ఇలా ఒక చేత్తో చెరిపేసి, ఇంకో చేత్తో నిలబెడుతున్నాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినప్పుడు కల్లూరు మండల కేంద్రమైంది. తర్వాత పంచాయతీ పోయినా మండలం పోలేదు. అంతకన్నా ముఖ్యమైనది రెవెన్యూ గ్రామం. పంచాయతీని రద్దు చేసి నగరంలో కలపడం పంచాయతీరాజ్, పురపాలక చట్టాల కింద జరిగే పని. రెవెన్యూ గ్రామం సర్వే శాఖ, రెవెన్యూ శాఖల సొత్తు, దానికీ దీనికీ సంబంధం లేదు. అందుకే నగరం నడిబొడ్డున ఫ్లాటు కొన్నా దస్తావేజు షెడ్యూలులో గ్రామం పేరు, దాని సర్వే నంబరు వస్తాయి. షెడ్యూలు చదివితే పక్కా పల్లెటూరి భాషే వినిపిస్తుంది. ఫలానా మండలం, ఫలానా గ్రామ పొలంలో సర్వే నంబరు ఇంత, అందులో ప్లాటు నంబరు ఇంత, దానికి చెక్కుబంది: తూర్పున రస్తా, పడమర ఫలానావారి స్థలం. ఇల్లు నాలుగో అంతస్తులో ఉంటుంది, కాగితం మాత్రం ఇంకా పొలం గట్టు మీదే నిలబడి మాట్లాడుతుంది. ఒకప్పుడు ఆ సర్వే నంబరులో జొన్నో శనగో పండి ఉంటుంది. ఇప్పుడా స్థలాన్ని అమ్మినా, కొన్నా, తాకట్టు పెట్టినా, వారసులు పంచుకున్నా కల్లూరు పేరు రాయక తప్పదు. ఇక్కడికి కొత్తగా వచ్చి స్థిరపడి, ఊరి అమ్మవారైన చౌడేశ్వరమ్మ గుడి గడప తొక్కని కుటుంబం కూడా ఆ పేరును తన బీరువాలో దాచుకుంటుంది.

జొహరాపురం, మామిదాలపాడులకు రెవెన్యూ రికార్డుల ఆసరా ఉన్నా, మండలం పేరు లేదు. ఇవీ నగరంలో కలిసినవే, వాటి పేర్లూ వాడుకలో ఉన్నాయి. కాకపోతే నగరంలో ఒక పేటగా, ఒక కాలనీగా. కల్లూరు పేరు మండల కచేరీ బోర్డు మీద, దరఖాస్తు ఫారం మీద, పోలింగు జాబితాలో ఉంటుంది. ఈ తేడాను కాగితాల బలానికి ఆధారంగా చూపవచ్చు. అయితే కల్లూరు ఆ ఊళ్ళకన్నా ముందే పెద్దది కాబట్టే మండల కేంద్రమైందని, ఊరి గట్టిదనమే కారణమనీ, కాగితం దాని ఫలితమనీ ఎవరైనా వాదిస్తే కాదనలేం. కారణానికీ ఫలితానికీ మధ్య గీత ఇక్కడ మసగ్గానే ఉంది.

నియోజకవర్గం సంగతి వేరు. దాన్ని ఊరి గట్టిదనంతో వివరించలేం. 2008 నాటి పునర్విభజన ఉత్తర్వు కల్లూరు మండలాన్ని పాణ్యం, గడివేముల, ఓర్వకల్లు మండలాలతో కలిపి పాణ్యం శాసనసభ స్థానం చేసింది. ఫలితంగా కర్నూలు నగర పాలక సంస్థలోని 52 వార్డుల్లో ఎక్కువ భాగం కర్నూలు శాసనసభ స్థానంలో, కల్లూరు వైపువి పాణ్యంలో, కొద్దిపాటివి కోడుమూరులో పడ్డాయి. ఒకే మేయరు కింద ఉన్న నగరంలో ముగ్గురు ఎమ్మెల్యేలకు వాటా ఉంది. పాణ్యం స్థానం నంద్యాల లోక్‌సభ పరిధిలోది కనుక ఇద్దరు ఎంపీలకూ వాటా ఉంది.

దీనికి తోడు ఇంకో విషయం కలిసింది. 2010లో పాత పాలకవర్గం గడువు ముగిశాక, 2021 మార్చిలో ఎన్నికలు జరిగేదాకా కర్నూలు నగర పాలక సంస్థకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. పదేళ్ళకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. ఆ పదేళ్ళలో కల్లూరువాళ్ళకు సర్పంచి లేడు, ఊరు నగరంలో కలిసిపోయింది కాబట్టి. కార్పొరేటరూ లేడు, నగరంలో ఎన్నికలు లేవు కాబట్టి. కుళాయి రాకపోయినా, మురుగుకాలువ పొంగినా, వీధిదీపం వెలగకపోయినా ‘మా మనిషి’ అని అడగదగిన ఎన్నికైన ప్రతినిధుల్లో దగ్గరివాడు పాణ్యం ఎమ్మెల్యే ఒక్కడే. వంతెనకు ఇవతల అదే సమస్య వస్తే ఇంకో ఎమ్మెల్యేను అడిగేవారు. నగరంలో రెండు ఒడ్డుల మధ్య తేడాను నది కన్నా ఈ ఏర్పాటే ఎక్కువగా నిలిపి ఉంచిందని నా అంచనా. అంచనా అంటున్నాను ఎందుకంటే, జనం ఎవరి దగ్గరికి ఎక్కువగా పోయారన్నది అర్జీల రిజిస్టర్లు చూసి తేల్చవలసిన విషయం. ఎన్నికల మ్యాపు చూసి అనగలిగింది ఇంతే: వేరుగా ఉండడానికి తగిన ఏర్పాటు కాగితం మీద ఉంది.

ఇక ఉగాది. కల్లూరు పేరు ఏటా ఒక్కరోజు రాష్ట్రమంతటా పత్రికల్లో కనిపించేది ఈ పండుగ వల్లనే. చౌడేశ్వరీ దేవి గుడి చుట్టూ నేలను బురద చేస్తారు. రైతులు ఎద్దుల బండ్లు కట్టుకొస్తారు, వాటితోపాటు గాడిదల బండ్లూ వస్తాయి. బురదలో చక్రాలు దిగబడుతుంటే, చుట్టూ జనం కేకలు వేస్తుంటే ఆ బండ్లు గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తాయి. ఎద్దుకు పూజ అంటే రాయలసీమలో ఎవరికీ వింత కాదు, ఏరువాక పున్నమి నాడు ఎమ్మిగనూరు నుంచి జమ్మలమడుగు దాకా ప్రతి ఊళ్ళో చూసేదే. గాడిదకు ఆ గౌరవం దక్కడం అరుదు. అమ్మవారి గుడి చుట్టూ రజకుల గాడిద, రైతు ఎద్దు ఒకే బురదలో తిరగడంలో ఊరి వృత్తుల పాత పొందిక కనబడుతుంది. కష్టాలు తీరి వానలు పడి పంటలు బాగా పండుతాయన్నది అక్కడి నమ్మకం.

అంత గట్టి ఆచారం ఉండగా కాగితాల గొడవ దేనికని అనిపించవచ్చు. కానీ ఉగాది బురద ఏం నిరూపిస్తుంది? పాత కల్లూరు కుటుంబాలు తమ ఊరిని ఊరుగానే భావిస్తున్నాయని నిరూపిస్తుంది, ఆ రోజు, ఆ గుడి దగ్గర. కొత్త కాలనీల్లో స్థిరపడినవాళ్ళకూ అదే భావం ఉందని నిరూపించదు. పైగా పత్రికలవాళ్ళు, టీవీవాళ్ళు ఏటా వచ్చి ఫొటోలు తీస్తుంటే ఆచారం చూడదగ్గ వేడుకగా కొంత మారుతుంది. ఆ మార్పు కల్లూరు పేరును పెంచుతుంది, కర్నూలు పేరునూ పెంచుతుంది. వార్తల్లో ‘కర్నూలులో వింత ఆచారం’ అనే ఎక్కువగా వస్తుంది.

పోల్చడానికి కడపలో దేవుని కడప ఉంది. అదీ ఒకప్పుడు విడిగా ఉన్న ఊరే, ఇప్పుడు కడప నగర పాలక సంస్థలో భాగం. తిరుమలకు తొలి గడప అని పేరున్న లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి అక్కడిది. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు ఆ గుడికి వచ్చి టెంకాయ కొట్టి మొక్కుకోవడం ఏటా జరిగేదే. బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా, స్వామిని అల్లుడిగా భావిస్తారు. నగరంలో కలిసిన రెండు ఊళ్ళు, రెండూ ఉగాదినాడే తమ ఉనికి చాటుకుంటున్నాయి. పోలిక ఆకర్షణీయంగానే ఉంది, కానీ ఇంతకుమించి లాగకూడదు. దేవుని కడపకు సొంత మండలం లేదు, వేరే శాసనసభ స్థానమూ లేదు. దాని పేరును నిలబెట్టింది గుడే. కాగితాలు లేకపోయినా పేరు నిలబడగలదన్నదానికి ఇది నా వాదనకు నేరుగా ఎదురు నిలిచే ఉదాహరణ. ఒక తేడా మాత్రం గమనించాలి. దేవుని కడప అంటే ఇప్పుడు అందరికీ ఒక క్షేత్రం. కల్లూరంటే క్షేత్రం కాదు, జనం కాపురముండే ఒక పెద్ద ప్రాంతం. గుడి ఒక స్థలం పేరును కాపాడగలదు, వేలాది ఇళ్ళున్న ప్రాంతం మొత్తానికి ఒక పేరు అతికించాలంటే ఆఫీసు కావాలేమో.

కర్నూలులోనే ఇంకో రకం ఉదాహరణ ఉంది. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, ఉద్యోగులకు బసలు వెతకాల్సి వచ్చింది. క్యాంపు పేర్లు ఆ రోజుల నుంచే వాడుకలోకి వచ్చాయని ఊళ్ళో చెప్పుకుంటారు. రాజధాని హైదరాబాదుకు పోయి డెబ్బై ఏళ్ళవుతున్నా ఆ అక్షరాలు ఇంకా వాడుకలోనే ఉన్నాయి. 1972లో వచ్చిన సిల్వర్ జూబ్లీ కాలేజీ ఎక్కడుందంటే బి క్యాంపులో అంటారు. ఇక్కడ గుడి లేదు, పంచాయతీ లేదు, పూర్వీకుల ఊరు లేదు. ప్రభుత్వం ఒక అక్షరం పెట్టింది, జనం దాన్ని ఊరు చేసుకున్నారు. కాగితమే ఊరి పేరుకు పుట్టిల్లు కాగలదనడానికి కర్నూలులో ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

నగరంలో ఇంకా కలవని శివార్ల సంగతి కూడా చూడాలి. ప్రొద్దుటూరు పక్కన గోపవరం, జమ్మలమడుగు పక్కన మోరగుడి, దొమ్మర నంద్యాల లాంటివి. జనగణనవాళ్ళు వీటిని ‘జనగణన పట్టణాలు’ అంటారు. జనాభా కనీసం 5,000, పనిచేసే మగవాళ్ళలో నూటికి కనీసం 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఈ మూడూ ఉంటే లెక్కకు పట్టణమే. కానీ పాలనకు పంచాయతీయే, సర్పంచే. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉంటే 2011కు 3,894 అయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 93 నుంచి 228కి పెరిగాయి. కాబట్టి ఇదేదో రాయలసీమలోనే ఉన్న వింత కాదు.

దొమ్మర నంద్యాల మీద ఒక్క మాట. రేనాటి చోళుల పుణ్యకుమారుడి తామ్రశాసనం ఈ ఊరి పేరుతోనే చరిత్రకారులకు తెలుసు, అంటే దాదాపు పదమూడు వందల ఏళ్ళకు పైబడిన రికార్డు. మైలవరం మండలంలోని ఈ ఊరు ఇప్పుడు చేనేతకు పేరున్నది, మోరగుడీ అంతే. జనగణన వీటిని పట్టణాలుగా చేర్చడానికి మగ్గం కూడా ఒక కారణమై ఉంటుంది, ఎందుకంటే నేత వ్యవసాయేతర పనిలోకే వస్తుంది. కానీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఇంట్లోనే, ఆడవాళ్ళు కండెలు చుడుతుంటే నేసే నేతగాడి బతుకులో పట్టణం అనదగ్గది ఏముంది? పని మారకుండానే ఊరు పట్టణాల జాబితాలోకి చేరిందంటే, మారింది కొలబద్దకు అందే అంకె మాత్రమే. కల్లూరులో కథ దీనికి తలకిందులు. అక్కడ పని, ఇల్లు, వీధి అన్నీ నగరం అయ్యాయి, సర్వే నంబరు మాత్రం పల్లెగానే ఉంది.

ప్రొద్దుటూరు దగ్గర తేడా ఇంకా స్పష్టం. 2011లో ప్రొద్దుటూరు పురపాలక సంఘం జనాభా లక్షా అరవై వేలకు పైన. చుట్టుపక్కల అతుక్కున్న ఊళ్ళను కలిపిన సముదాయం జనాభా రెండు లక్షలు దాటింది. సుమారు యాభై వేల మంది, చిన్న పట్టణమంత జనం, అటు పట్టణంలో ఉంటూ ఇటు పంచాయతీ పాలనలో ఉన్నారు. ఇక్కడ ఊరి గుర్తింపుకు బలమైన అండ పంచాయతీయే. సర్పంచి పదవి కోసం పోటీపడే ఊరికి తానెవరో గుర్తుచేయడానికి పండుగ అక్కర్లేదు. విలీనం ప్రతిపాదన వచ్చిన చోటల్లా పంచాయతీలు ఎదురు తిరగడం రాష్ట్రంలో మామూలే. దాన్ని ఊరి మీద ప్రేమ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పన్ను పెరుగుతుందన్న భయం, ఉపాధి హామీ పనులు పోతాయన్న దిగులు, పదవి పోతుందన్న బాధ అందులో ఎంతెంతో విడదీయకుండా ప్రేమను కొలవలేం. ఉపాధి హామీ గ్రామీణ పథకం, నగర హద్దులోకి రాగానే ఆగిపోతుంది. కూలికి పోయే కుటుంబానికి ఆ హద్దు కేవలం మ్యాపు మీది గీత కాదు.

కల్లూరువాళ్ళు తమను ఏమని చెప్పుకుంటారన్న ప్రశ్నకు కూడా ఒక్క జవాబు ఉండదు. హైదరాబాదులో అడిగితే కర్నూలు అంటారు. కర్నూలు కొత్త బస్టాండులో అడిగితే కల్లూరంటారు. కల్లూరులోనే అడిగితే కాలనీ పేరు చెబుతారు. ఇది ప్రతి శివారు ఊరిలో ఉండేదే. సర్వేల్లో ‘మీది ఏ ఊరు’ అని ఒక్కసారి అడిగి వచ్చిన జవాబును గుర్తింపుగా రాసుకోవడం అందుకే నమ్మదగ్గ పద్ధతి కాదు. ఎవరు, ఎక్కడ నిలబడి, ఎందుకు అడుగుతున్నారన్నది జవాబును మారుస్తుంది. పక్కనున్న ఓర్వకల్లునే చూడండి. 2021 మార్చిలో అక్కడ విమానాశ్రయం మొదలైంది, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. టికెట్టు మీద మాత్రం కర్నూలు అనే ఉంటుంది.

ఈ వాదనను పరీక్షించే అవకాశం దగ్గర్లోనే ఉంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027లో జరగబోతోంది. ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన చేయవలసి ఉంది. కల్లూరు వైపు వార్డులు ఆ విభజనలో కర్నూలు స్థానంలోకి వస్తే, పాణ్యంతో ఉన్న ముడి తెగుతుంది. మండలం, రెవెన్యూ గ్రామం మిగులుతాయి. అప్పుడు ఓటు హద్దు ఒక్కటే మారి, నది, గుడి, సర్వే నంబరు యథాతథంగా ఉన్న ఊరు పరిశోధకుల ముందు ఉంటుంది. ముందూ వెనకా పోల్చడానికి నాలుగు రకాల కాగితాలు చాలు: తహసీల్దారు కచేరీలో, నగర పాలక సంస్థలో నమోదైన అర్జీలు, వార్డు సచివాలయాల దరఖాస్తుల్లో రాసిన చిరునామాలు, పెళ్ళిపత్రికల్లో వేసిన ఊరి పేర్లు, ఉగాది వార్తల శీర్షికలు. వీటిలో పెళ్ళిపత్రికలను ఇప్పటినుంచే పోగు చేయాలి, ప్రభుత్వ రికార్డు గదుల్లో అవి దొరకవు.